బావ రెండో మొహం

ఆ వానాకాలమంతా మా బావ మొహాన్ని చేతిసంచిలో పెట్టుకుని బస్సులో మోసింది నేనే. అసలు మొహంతో బావ పక్క సీట్లో కూర్చునేవాడు. ఆయన భుజం పట్టుకుని అక్క నిలబడేది. సంచిలో ఉన్నది సుద్దతో చేసిన మొహం. నలగకూడదు, తడవకూడదు, ఎవరి మోచేయీ తగలకూడదు. ఒకరోజు కండక్టరు సంచిలోకి తొంగిచూసి "అరే బాప్‌రే" అని టికెట్టు చింపడం కూడా మరిచిపోయాడు.

"భయపడకు భాయ్, గది గూడ నేనే" అన్నాడు బావ.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు సంగతి ఇది. నేను సర్కారు ప్రెస్సులో బైండింగ్ సెక్షన్లో రెండో షిఫ్టు చేసేదాన్ని. పురానాపూల్‌లో మా ఇంటికి చేరి ఇలా కాళ్ళు చాపుకున్నానో లేదో అలా తెల్లారేది. లేచి లాడ్ బజార్ వెనక గల్లీలో అక్కవాళ్ళింటికి, అక్కడి నుంచి మూసీ దాటి కేన్సర్ దవాఖానాకు, అక్కడి నుంచి మళ్ళీ ప్రెస్సుకు. మా అక్క ఆగమ్మకు బస్సు మీద బోర్డు చదవడం రాదు. బావ గుండయ్యకు చదవడం వచ్చు గానీ, నోరు పుండై నలుగురిలో మాట పెగలదు. ఇక మిగిలింది నేను, మాణిక్యమ్మను. ఎవరికి ఏ పని పడ్డా తేరగా దొరికేదాన్ని.

అక్కా బావా లక్క గాజులు చేసేవాళ్ళు. అక్క కుంపటి ముందు కూర్చుని లక్కను మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గాజు చుట్టేది. అది చల్లారేలోపు బావ దానిమీద నగీనాలు, అంటే ఆవగింజంతేసి అద్దపు రాళ్ళు, ఒక్కొక్కటే పొదిగేవాడు. అదీ ఒంటికన్నుతో. చిన్నప్పుడు అమ్మవారు పోసి కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకన్ను మాత్రం డేగ కన్ను. గల్లీ చివర నేను కనబడితే చాలు, "మరదలు పిల్ల కాటుక పెట్టింది, ఏందో కథ" అని అరిచేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటకూ అలవాటు పడిపోయాను.

బావకు ముందు పైపన్ను ఒకటి కదిలింది. పీకించుకున్నాడు. పీకిన చోటు మానలేదు. తర్వాత ఎడమ చెంప ఉబ్బింది, ముక్కులో రక్తం వచ్చింది. దవాఖానాలో విశ్వేశ్వర్ డాక్టరు చూసి, పైదవడ ఎముక లోపల చిన్న గది లాంటి ఖాళీ ఉంటుందనీ, గడ్డ దాంట్లో ఉందనీ చెప్పాడు. ఆ గదికి కప్పు ఏమిటంటే కంటి కింది ఎముక. ఉన్న ఒక్క కన్నుకు సరిగ్గా కింద. దేవుడికి వేరే చోటే దొరకలేదా అని నేను గుడి ముందర నిలబడి మరీ తిట్టాను. పూజారి వినిపించుకోనట్టు గంట కొట్టుకున్నాడు.

డాక్టరు మంచివాడే. పొద్దంతా చావుకబుర్లు చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయిన మనిషి. పొర పొరగా తీసిన ఎక్సురే ఫిల్ములు వెలుగుతున్న లైటు డబ్బాకు తగిలించి, పెన్సిలుతో చూపించాడు.

"గీ తెల్ల గీత కంటి కింది బొక్క. గడ్డ గీడిదాక వచ్చింది గాని దాటలే. కరెంటు పెడ్తే తగ్గుతది."

కరెంటు అంటే కోబాల్టు మిషను. అక్కకు కావాల్సింది అది కాదు. "కన్ను ఉంటదా సార్?" అంది.

"కంటికి అడ్డంగ సీసం దిమ్మ పెడ్తం. దాని నీడ కన్నుమీద పడ్తది, ఎండల గొడుగు పట్టినట్టు. గొడుగు జరగొద్దు, ఈయన జరగొద్దు. ఏ రోజుకారోజు ఒక్క తీరుగ పండాలె. మధ్యల ఆపొద్దు. ఆపితే ఇచ్చినదంత దండుగ."

ఆయన జరగకుండా ఉండడానికే ఆ సుద్ద మొహం. ఎక్సురేలు తీసే ఇస్సాకు అన్న బావను బల్ల మీద పడుకోబెట్టి, నోట్లో కార్కు పెట్టి, తడి సుద్ద పట్టీలు మొహమంతా పరిచాడు. ఆరాక డిప్పలా ఊడదీశాడు. ముక్కుకూ నోటికీ కంతలు చేసి, కన్ను ఉన్నచోట సన్నటి సీసం తీగను గుండ్రంగా అతికించి, మొహానికి తొడిగి, బల్లకు బిగించి మళ్ళీ ఎక్సురే తీశాడు. ఫిల్ములో తీగ గుండ్రం, కంటి గూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఆ ఫిల్ము చూసి డాక్టరు దిమ్మ ఎక్కడ పెట్టాలో కొలిచి, సుద్ద మీద ఎర్రగీతలు గీశాడు. అప్పటినుంచి మిషనువాళ్ళు చూసేది ఆ గీతల్నే. బావ మొహంతో వాళ్ళకు పనిలేదు.

మొహాలు పెట్టే గది కప్పు వానలకు కారింది. గోడకు తగిలించిన సుద్ద మొహాలు చెమ్మకు మెత్తబడుతుంటే ఇస్సాకు అన్న చేతులెత్తేశాడు. "ఎవరి మొహం వాళ్ళింట్ల పెట్టుకోండ్రి, పొడిగ ఉంచుండ్రి, రోజు తెండ్రి" అని పంచేశాడు. అలా ఆ సంచి నా ఒళ్ళోకి వచ్చింది.

ఇక రోజూ అదే. వరండాలో బెంచీ, గోడకు ఆనిన తలలు, ఫినాయిలు వాసన, మిషను చెడిపోతే మధ్యాహ్నం దాకా పడిగాపులు. నేను కూర్చునే నిద్రపోయేదాన్ని. బావ నోరంతా పుండయింది. గంజి తాగినా కళ్ళనీళ్ళు తిరిగేవి. ఉప్పు లేదు, కారం లేదు, ఆయనకు ప్రాణమైన ఇరానీ చాయ్ లేదు. మనిషి సగమయ్యాడు. వేళాకోళం కూడా సగమైంది. మొహం చిక్కిపోయి, సుద్ద మొహం తొడిగితే లోపల అటూ ఇటూ ఆడడం మొదలైంది.

ఆ వరండాలోనే ఇస్సాకు అన్న ఒక సంగతి చెప్పాడు. జాగ్రత్త కోసం చెప్పాడు గానీ, చెప్పకపోయినా బాగుండేది. ఎవరో దర్జీకి ఇలాగే వదులైందట. కొత్త మొహం చేయాలన్నారు, కొత్త ఫిల్ములు తీయాలన్నారు. ఈలోగా ఫిల్ముల స్టాకు అయిపోయింది. అవి వచ్చేసరికి మిషను చెడింది. అది బాగయ్యేసరికి గడ్డ మళ్ళీ లేచింది. "అందుకే చెప్తున్న, తినుండ్రి, చిక్కిపోకుండ్రి" అన్నాడు. నోరు పుండైనవాడికి తినమని చెప్పడం మహా తేలిక. అక్క మాత్రం బస్సులో వచ్చేటప్పుడు బావ చెంపల వంకే చూస్తూ నిలబడింది.

ఆదివారం కరెంటు పెట్టరు. నేను మా ఇంట్లో ఒళ్ళు తెలియకుండా పడి నిద్రపోయాను. ఆ రోజు అక్క కుంపటి రాజేసింది. పెళ్ళికూతురి చేయి సన్నమై గాజు వదులైతే ఏం చేయాలో దానికి చిన్నప్పటినుంచి తెలుసు. లోపలివైపు లక్క పట్టించి బిగువు చేస్తారు. మొహానికైనా అంతే కదా అనుకుంది. గాజులు చేయించుకునే సేటు ఇచ్చిన లక్క ఆయన పనికే. అందుకని విరిగిన గాజులు కరిగించిన తుక్కు లక్క తీసుకుంది. సుద్ద మొహం లోపల చెంపలకు పలచగా, మరీ లోతుకు పోయిన గడ్డం దగ్గర మందంగా పట్టించి, తడిచేత్తో నున్నగా నిమిరింది. గోరువెచ్చగా ఉండగానే బావకు తొడిగి చూసింది. లక్క మీద పాత ధోవతి గుడ్డ అతికించింది. ఎంత బాగా కూర్చుందంటే, బావ తలూపితే మొహమూ తలూపిందట.

నాకు ఇదేమీ తెలియదు. సోమవారం సంచి కాస్త బరువనిపించింది. నా కళ్ళే బరువుగా ఉన్నాయి, సంచిదేముంది. లక్క వాసన వచ్చిందంటారా, ఆ ఇంట్లో అన్నం కూడా లక్క వాసనే వేసేది.

మొహం తొడిగి ఇస్సాకు అన్న మురిసిపోయాడు. "ఏంది గుండయ్యా, ఇయ్యాల మస్తు కూసున్నది! గట్లనే తిను." అక్క ముఖంలో ఎన్నో వారాల తర్వాత వెలుగు చూశాను. బస్సెక్కాక సీటు దొరికితే కూర్చుంది కూడా.

ఇంకో ఆదివారం గడిచింది. ఆ మర్నాడు మిషను కాస్త తీరిగ్గా ఉంటే డాక్టరు అన్నాడు, సగం అయింది కదా, మొహం పెట్టి ఒక ఫిల్ము తీసి సరిచూద్దాం అని. తీశారు. మేం బయట కూర్చున్నాం. తడి ఫిల్మును క్లిప్పుతో పట్టుకుని ఇస్సాకు అన్న బయటికొచ్చాడు, కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"గుండయ్యా, రజాకార్ల జమానాల ఎక్కడన్న తుపాకి తగిలిందా నీకు?"

"ఎందుకన్నా?"

"మొహం నిండ తుపాకి చెర్రలున్నయ్."

అందరం లోపలికి వెళ్ళాం. లైటు డబ్బా మీద బావ పుర్రె తెల్లగా వెలుగుతోంది. గడ్డం కింద, చెంపల మీద ఆవగింజలు చల్లినట్టు మెరిసే చుక్కలు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బావ తన ఒంటికన్నుతో అటే చూసి చిన్నగా నవ్వాడు. పాతికేళ్ళు వాటిని పొదిగిన మనిషికి ఎక్కడున్నా తెలిసిపోతాయి.

"చెర్రలు గావు అన్నా, నగీనాలు" అన్నాడు.

తుక్కు లక్కలో చితికిన రాళ్ళు ఉంటాయి. డాక్టరు సుద్ద మొహాన్ని బోర్లా తిప్పి, గుడ్డ కొస పట్టుకుని లాగాడు. లోపల ఎర్రటి లక్క, అద్దంలా నున్నగా ఉంది.

"ఎవరు జేసిండ్రు గిది?"

"నేనే జేసిన సార్" అంది అక్క. అప్పటికి దాని గొంతులో భయం లేదు. "వదులైంది గద. మళ్ల ఆపుతరేమోనని."

"ఎప్పుడు?"

"నిన్నటి ఐతారం గాదు, దాని ముందటి ఐతారం."

డాక్టరు ఇస్సాకు అన్న వంక చూశాడు. "చెమటకు గుడ్డ పెట్టుకున్నరనుకున్న సార్" అన్నాడు ఇస్సాకు అన్న. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరిచేంత ఓపిక కూడా లేనట్టు నిలబడ్డారు. తర్వాత డాక్టరు మొదట్లో తీసిన ఫిల్ము వెతికించి, కొత్తదాని పక్కన తగిలించాడు.

నాకు ఎక్సురేలు చదవడం రాదు. అక్కకు అక్షరాలే రావు. కానీ అది మాత్రం మా ఇద్దరికీ చెప్పకముందే అర్థమైంది. పాత ఫిల్ములో సీసం తీగ గుండ్రం కంటి గూడు మీద ఉంది. కొత్తదాంట్లో అదే గుండ్రం కిందికి, చెంప ఎముక మీదికి దిగిపోయింది. తీగ దిగలేదు. గడ్డం దగ్గర పట్టించిన లక్క, సుద్ద మొహం లోపల బావ అసలు మొహాన్ని పైకి నెట్టింది. నెట్టింది చిటికెనవేలంత మందమే. ఆ వారమంతా కన్నుమీద పడాల్సిన నీడ గడ్డ మీద పడింది. గడ్డ మీద పడాల్సిన కరెంటు కన్నుమీద పడింది.

డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది.

"గడ్డకు తక్కువ పడ్డది మళ్ల ఇస్తం. ఇయ్యాలనే కొత్త మొహం, కొత్త ఫిల్ములు. నేను దగ్గరుండి తీపిస్త. దానికి ఫికర్ జెయ్యకు."

"కన్ను?" అంది అక్క.

"దానికి పడ్డది వాపసు తీసుకోలేమమ్మా. ఏడాదికో రెండేండ్లకో మసక రావొచ్చు. తక్కువే పడి ఉంటే రాకపోవచ్చు. ఇప్పుడే చెప్పలేం."

అక్క తన చేతులవంక చూసుకుంది. కాలి కాలి గట్టిపడ్డ వేళ్ళు. ఆ వేళ్ళతో తప్పు పని జరగడం అదే మొదటిసారేమో. బావ దాని భుజం మీద చెయ్యేశాడు. మాట సరిగ్గా రాకపోయినా చెప్పాల్సింది చెప్పాడు: "మంచిగ అతికించినవే. సార్ గుడ్డ గుంజినా లక్క ఊడిరాలే సూడు."

ఎవరూ నవ్వలేదు. నేనైతే అసలే నవ్వలేదు. బయటికి రాగానే వరండాలోనే అక్క మీద విరుచుకుపడ్డాను. "ఒక్క మాట నాకు జెప్తె నీ సొమ్మేం పోతుండెనే? నన్నెందుకు ఎంట తిప్పుకుంటున్నవ్ మరి? సంచి మొయ్యనీకేనా?" బావే నా చేయి పట్టుకుని, వద్దన్నట్టు తలూపాడు. నాకిప్పటికీ కోపమే. అక్క మీదా, కారే కప్పు మీదా, దర్జీ కథ చెప్పిన ఇస్సాకు అన్న మీదా, ఎవరిమీద అని తేల్చుకోలేని కోపం. అంత ప్రేమకు అంత శిక్షేమిటని అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. ప్రెస్సుకు వెళ్ళి కాగితాలు కుట్టాను.

డాక్టరు మాట నిలబెట్టుకున్నాడు. రెండో సుద్ద మొహం ఆ సాయంత్రానికే తయారైంది. ఈసారి దవాఖానాలోనే, ఆయన సొంత బీరువాలో పెట్టుకున్నాడు. మిగిలిన కరెంటంతా ఆపకుండా ఇచ్చారు. బావ నోరు మెల్లగా మానింది. మొదట పెరుగన్నం తిన్నాడు, తర్వాత పప్పు, ఆ తర్వాత ఒకరోజు మిరపకాయ బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు కారుస్తూ సంతోషపడ్డాడు. ఏడాది తిరిగాక తీసిన ఎక్సురేలో గడ్డ లేదు. "బతికిండు" అన్నాడు డాక్టరు, తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు. బావ మళ్ళీ నగీనాల ముందు కూర్చున్నాడు.

అక్క అప్పుడే ఆ అలవాటు మొదలుపెట్టింది. పొద్దున బావ లేచి మంచం మీద కూర్చోగానే, వెలుతురు వచ్చే గడపలో నిలబడి, "కనిపిస్తున్ననా?" అని అడిగేది. "కనిపిస్తున్నవ్, నల్లగనే ఉన్నవ్" అనేవాడు బావ. అది విన్నాకే కుంపటి రాజేసేది. చాలా రోజులు అలా నడిచింది. తప్పు నీదని బావ ఒక్కసారి కూడా అనలేదు. అననివ్వలేదు కూడా. నేను నోరు తెరిస్తే చాలు, "మరదలా, నీకు మొగుడు దొరకనిది గందుకే" అని మాట మార్చేసేవాడు.

రెండో ఏడు చలికాలంలో నగీనాల పని తగ్గించాడు. కుంపటి పొగకు కన్ను నీళ్ళు కారుతోందన్నాడు. కూర్చుని లక్క కడ్డీలు సాగదీస్తున్నాడు, దానికి చేతివేళ్ళు చాలు. రాళ్ళు అక్క పొదుగుతోంది. వయసు కదా అన్నాడు. అవును, వయసే అంది అక్క. నేనూ అవుననే అనుకున్నాను, నిద్రలేని మనిషికి అనుకోవడం ఎంతసేపు.

నాకు సెలవు దొరికిన ఒక పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో నల్లా వచ్చింది, బిందెలో నీళ్ళు ధారగా పడుతున్నాయి. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. అక్క గడపలో నిలబడి, "కనిపిస్తున్ననా?" అంది. అంతలోనే బిందె నిండి పొర్లింది. అది చెప్పులు లేని కాళ్ళతో గబగబా నల్లా దగ్గరికి దిగి వచ్చింది. నన్ను చూసి, ఉండు అన్నట్టు చేయి ఊపింది.

గడపలో ఎవరూ లేరు. వెలుతురు ఒక్కటే ఉంది. బావ అటే మొహం పెట్టి, కాస్త నవ్వుతూ అన్నాడు:

"కనిపిస్తున్నవ్. బొట్టు వంకరగ పెట్టుకున్నవ్, సరిచేస్కో."

నీళ్ళ చప్పుడులో కూడా ఆ మాట మా ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది. బిందె మీద అక్క చేయి ఆగిపోయింది. నేను బావను పిలవబోయాను. అది నా వంక చూసి, వద్దని తల అడ్డంగా ఊపింది. బిందె అక్కడే వదిలేసి, తడికాళ్ళతో చప్పుడు కాకుండా మెట్టెక్కి, మళ్ళీ గడపలో అదే చోట నిలబడింది. నుదుటి మీద తిన్నగానే ఉన్న బొట్టును వేలితో సరిచేసుకుంది.

"ఆ, సరిచేస్కున్న" అంది.